ఆఫీసుకి ఖరీదైన వాచీ పెట్టుకెళ్లొచ్చా? హెచ్‌ఆర్ వైపు నుంచి కొన్ని అపోహలు - వాస్తవాలు

హెచ్‌ఆర్ వాళ్ల దగ్గరికి జీతాలు, సెలవులు, రాజీనామాల గురించే వస్తారని చాలామంది అనుకుంటారు. కానీ కాస్త గొంతు తగ్గించి అడిగే ప్రశ్నలు వేరే ఉంటాయి. "కొత్త కారు కొన్నానండీ, ఆఫీసుకి తెచ్చుకుంటే మా మేనేజర్ ఏమైనా అనుకుంటారా?" అలాంటి ప్రశ్నే. వాచీ, హ్యాండ్‌బ్యాగ్, నగలు, ఫోన్ గురించి కూడా ఇలాగే అడుగుతారు.

వీటి మీద ఆఫీసుల్లో వినిపించే సలహాలు రెండే. ఒకరు "దాచుకో, అందరి కళ్లూ పడతాయి" అంటారు. ఇంకొకరు "నలుగురికీ కనబడనీ, లేకపోతే ఎవరూ లెక్కచెయ్యరు" అంటారు. రెండిట్లోనూ కొంత నిజముంది, అందుకే రెండూ బతికున్నాయి. నేను చూసినంతలో వస్తువు వల్లే మొదలైన గొడవలు తక్కువ. దాన్ని ఎవరి ముందు, ఏ సమయంలో, ఏ మాట కలిపి చూపించారన్న దాని దగ్గర మొదలైనవే ఎక్కువ.

అపోహ: ఖరీదైన వస్తువు కనబడితే విలువ పెరుగుతుంది

కొత్తవాళ్ల దగ్గర ఇది కొంతవరకు నిజమే. నెదర్లాండ్స్ పరిశోధకులు 2011లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకటి ఉద్యోగ ఇంటర్వ్యూ మీద జరిగింది. మనిషి ఒక్కడే. అతని చొక్కా మీద పేరున్న బ్రాండ్ గుర్తు కనబడే వీడియో కొందరికి, గుర్తు లేని వీడియో మరికొందరికి చూపించారు. గుర్తు చూసినవాళ్లు అతను ఆ ఉద్యోగానికి ఎక్కువ తగినవాడన్నారు, జీతం కూడా కాస్త ఎక్కువే ఇవ్వొచ్చన్నారు. ఇంటర్వ్యూలు చేసే మాలాంటివాళ్లు సిగ్గుపడాల్సిన ఫలితం ఇది.

అయితే ఉద్యోగం అరగంట ఇంటర్వ్యూతో అయిపోదు కదా. కొత్త పరిచయాల దగ్గర ఖరీదైన కారు, వాచీ ఉంటే మనవైపు జనం ఆకర్షితులవుతారని చాలామంది నమ్ముతారు. 2019లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధన దీన్నే పరీక్షించింది. స్నేహితులు కావాలనుకునేవాళ్లు ఖరీదైనవే ఎంచుకున్నారు. ఎదుటివాళ్లని అడిగితే మాత్రం, మామూలు వస్తువులున్న మనిషితోనే స్నేహం చెయ్యాలని ఉందన్నారు. మనం వేసుకునే లెక్క, ఎదుటివాళ్లు వేసే లెక్క అంత తేడాగా ఉంటాయి.

ఆరునెలలు పక్క సీట్లో కూర్చున్నవాళ్లకి మీ పని ఎలాంటిదో తెలిసిపోతుంది. ఆ తర్వాత వస్తువు కొత్తగా చెప్పేదేమీ ఉండదు. గడువు దాటించే అలవాటున్న మనిషి చేతికి మంచి వాచీ ఉంటే, "అంత వాచీ పెట్టుకుని టైమే చూసుకోడు" అన్న జోకు తయారవుతుంది, అంతే.

క్లయింట్ల ముందుకెళ్లే ఉద్యోగాల్లో కొంత డాబు అవసరమంటారు. శుభ్రంగా, ఆ పనికి తగ్గట్టుగా కనబడటం వరకు ఒప్పుకుంటాను. అంతకు మించితే క్లయింట్ కూడా లెక్కలేస్తాడు: ఇదంతా నా ఫీజులోంచే కదా అని.

అపోహ: బాస్ కంటే మంచి కారుంటే ఇంక్రిమెంట్ పోయినట్టే

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే జనం భయపడేది అసూయకి, నిజంగా నష్టం చేసేది చాలాసార్లు ఇంకొకరి మీద జాలి.

రేటింగులు, ఇంక్రిమెంట్లు ఖరారు చేసే మీటింగుల్లో మేనేజర్ల చేతిలో ఉండే డబ్బు ఎప్పుడూ చాలదు. ఒకరికి పెంచితే ఇంకొకరికి తగ్గించాలి. అప్పుడు ఎవరో ఒకరు, ఏ దురుద్దేశమూ లేకుండానే, "ఆయనకేం తక్కువండీ, ఉన్నవాళ్లే. ఈసారి ఇంకొకరికిద్దాం" అంటారు. ఆడవాళ్ల విషయంలో ఇదే మాట ఇంకో రూపంలో వస్తుంది: "ఆవిడ జీతం మీదే ఇల్లు నడవాలా ఏంటి?" ఈ మాటలు అన్నవాళ్లు చెడ్డవాళ్లు కారు. తాము న్యాయమే చేస్తున్నామనుకుంటారు. కానీ జీతం ఇచ్చేది చేసిన పనికి. ఇంట్లో ఎంత ఉందో చూసి ఇవ్వడం మొదలుపెడితే దానికి అంతు ఉండదు.

అలాంటప్పుడు నేను అడిగేది ఒక్కటే. "ఈ కారణాన్ని అప్రైజల్ ఫారంలో రాసి సంతకం పెడతారా?" రాయలేని కారణంతో నిర్ణయం తీసుకోకూడదు. మేనేజర్లకి ఈ ప్రశ్న బాగానే అర్థమవుతుంది. మాట అక్కడితో ఆగుతుంది.

ఉద్యోగి వైపు నుంచి కూడా ఒక జాగ్రత్త ఉంది, దానికి వస్తువుతో పనిలేదు. "నాకీ జీతం ఒక లెక్కా, ఇంట్లో ఊరికే కూర్చోలేక వస్తున్నా" అని సరదాకి అనేవాళ్లుంటారు. కారు చేసే నష్టం కంటే ఆ మాట చేసే నష్టం పదింతలు. కారుని జనం నాలుగు రోజుల్లో మర్చిపోతారు, ఆ మాటని మాత్రం అప్రైజల్ రోజున గుర్తు తెచ్చుకుంటారు. దీనికి తిరగేసిన తప్పు ఇంకొకటి: జీతం పెంచమని అడగడానికి వెళ్లి ఈఎమ్‌ఐల చిట్టా విప్పడం. పెంపు అడిగేటప్పుడు చేసిన పని చూపించండి, అదే పనికి బయట ఎంత ఇస్తున్నారో చెప్పండి.

నిజంగానే కళ్లు కుట్టే మేనేజర్లు లేరా అంటే, ఉన్నారు. "మీకెందుకండీ ఓవర్‌టైమ్ డబ్బులు" లాంటి ఎత్తిపొడుపు ఒకసారి వస్తే నవ్వి వదిలెయ్యండి. పదేపదే వస్తుంటే, పని పంపకంలోనో సెలవుల్లోనో ఆ తేడా కనబడుతుంటే, తేదీతో సహా రాసిపెట్టుకుని హెచ్‌ఆర్‌కి చెప్పండి. "మా బాస్‌కి నేనంటే కడుపుమంట" అని చెబితే మేమేమీ చెయ్యలేం. ఫలానా రోజున ఫలానా మాట అన్నారు, ఆ వారమే నా షిఫ్ట్ మార్చారు అని చెబితే చెయ్యగలం.

అపోహ: మేనేజర్ దర్జాగా కనబడితే టీమ్‌కి స్ఫూర్తి

"నన్ను చూసి వీళ్లు కూడా ఎదగాలనుకుంటారు" అని నమ్మే మేనేజర్లని చూశాను. టీమ్‌లో అందరికీ బాగా నడుస్తున్న ఏడాదిలో దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఇంక్రిమెంట్లు ఆపిన ఏడాదిలో, మనుషుల్ని తీసేసిన నెలలో, అదే కారు, అదే విదేశీ సెలవుల ఫోటోలు వేరేగా కనిపిస్తాయి. మేనేజర్ దగ్గర వస్తువుతో పాటు అధికారం కూడా ఉంటుంది. మన జీతం నిర్ణయించే మనిషి చేతికున్న వాచీని మామూలు వాచీగా ఎవరూ చూడరు.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ 2008 నవంబర్‌లో జరిగింది. అమెరికాలో మూడు పెద్ద కార్ల కంపెనీల అధినేతలు ప్రభుత్వ సాయం అడగడానికి వాషింగ్టన్‌కి ప్రైవేట్ విమానాల్లో వెళ్లారు. ఆ విమానాలు వాళ్ల సొంతం కాదు, కంపెనీ తరఫున ఎప్పటినుంచో వాడుతున్నవే. మామూలు ఏడాదైతే ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. చేతులు చాపడానికి వచ్చిన రోజున మాత్రం దేశమంతా దుమ్మెత్తిపోసింది. డిసెంబర్‌లో మళ్లీ పిలిచినప్పుడు ముగ్గురూ కార్లలో వెళ్లారు.

కాబట్టి మేనేజర్లకి నేను చెప్పేది సమయం గురించే. కొనుక్కోండి, వాడుకోండి. టీమ్‌కి "ఈసారి బడ్జెట్ లేదు" అని చెప్పే మీటింగుకి ముందో వెనకో కొత్త కారు గురించి మాత్రం మాట్లాడకండి. టీమ్ గ్రూపులో ఫోటో పెట్టకండి. పెడితే కింద అందరూ "కంగ్రాట్స్ సర్" అని రాస్తారు. రాయక తప్పదు కాబట్టి రాస్తారు. ఆ తర్వాత వేరే గ్రూపులో ఏం రాసుకుంటారో మీకు తెలియదు, మాకు తెలుస్తుంది.

అపోహ: నా డబ్బు, నా ఇష్టం. పక్కవాళ్లకేంటి?

హక్కు గురించైతే ఇది అక్షరాలా నిజం. పక్కవాళ్ల మీద ప్రభావమే ఉండదంటే మాత్రం నిజం కాదు. నెదర్లాండ్స్‌లో పోస్ట్‌కోడ్ ఆధారంగా నడిచే లాటరీ ఒకటుంది. ఈ పరిశోధన జరిగిన రోజుల్లో, డబ్బుతో పాటు గెలిచిన వీధిలో ఒకరికి బీఎమ్‌డబ్ల్యూ కారు కూడా వచ్చేది. 2011లో వచ్చిన ఆ పరిశోధన ప్రకారం, గెలిచిన వీధిలో టికెట్ కొనకుండా, ఏమీ గెలవకుండా ఉన్న ఇరుగుపొరుగువాళ్లు కూడా ఆ తర్వాత కార్లు ఎక్కువగా కొన్నారు.

ఆఫీసులో ఇది ఇంకా సూటిగా తగులుతుంది. పక్కనున్నవాళ్ల జీతం మనకి తెలియదు, వాళ్ల వస్తువులే కనిపిస్తాయి. వాటిని చూసి జీతం ఊహిస్తాం. ఆ ఊహ తప్పు కావచ్చు: వారసత్వం, భార్యాభర్తలిద్దరి సంపాదన, లేదా వరుసగా అప్పులు. కానీ "నాకంటే ఎక్కువిస్తున్నారు" అన్న అనుమానం మాత్రం నిజంగానే పని చేస్తుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఉద్యోగుల్లో కొందరికి, తమ తోటివారి జీతాలు చూపించే వెబ్‌సైట్ ఒకటుందని పరిశోధకులు చెప్పారు. 2012లో ప్రచురితమైన ఫలితం ఇది: తోటివారి కంటే తక్కువ అందుకుంటున్నవాళ్లకి ఉద్యోగం మీద అసంతృప్తి పెరిగింది, వేరే ఉద్యోగం వెతకాలన్న ఆలోచన పెరిగింది. ఎక్కువ అందుకుంటున్నవాళ్లకి సంతోషమేమీ పెరగలేదు.

అందుకని బ్యాగు బీరువాలో పెట్టి తాళం వెయ్యమని చెప్పను. ధర చెప్పకండి, చాలు. "బాగుంది, ఎంతైంది?" అని అడిగితే "చాలా రోజులు ఆగి కొనుక్కున్నా" అంటే సరిపోతుంది. అడగకుండానే ధర చెప్పేవాళ్లకి, పక్కవాళ్ల ఫోన్ చూసి "ఇంకా ఇదే వాడుతున్నావా?" అనేవాళ్లకి నా దగ్గర సలహా లేదు.

అపోహ: బ్రాండ్ పేరు పెద్దగా కనబడకపోతే ఎవరికీ తెలియదు

తెలిసినవాళ్లకి తెలుస్తుంది. ఖరీదైన హ్యాండ్‌బ్యాగుల మీద 2010లో వచ్చిన అధ్యయనంలో, ధర పెరిగేకొద్దీ బ్రాండ్ గుర్తు చిన్నదవుతూ వచ్చింది. గుర్తు లేని వస్తువు వినయానికి సాక్ష్యమేమీ కాదు. అది వేరే చూపరుల కోసం, అంతే.

అపోహ: జీతానికి మించి బతుకుతున్నాడంటే ఎక్కడో నొక్కేస్తున్నాడు

ఆడిట్ వాళ్లు దీన్ని అనుమానపు గుర్తుగా చూసేమాట నిజం. మోసాల పరిశోధకుల అంతర్జాతీయ సంఘం 2024 నివేదికలో, పట్టుబడిన మోసగాళ్లలో దాదాపు 39 శాతం మంది ఆదాయానికి మించి బతికినవాళ్లే. అన్ని గుర్తుల్లోకీ ఇదే మొదటిది.

కానీ ఈ అంకెని తిప్పి చదవకూడదు. నూరుగురు మోసగాళ్లలో 39 మంది దర్జాగా బతికారంటే, దర్జాగా బతికే నూరుగురిలో 39 మంది మోసగాళ్లని కాదు. మంచి వాచీ పెట్టుకున్నవాళ్లలో అత్యధికులు దాన్ని తమ డబ్బుతోనో అప్పుతోనో కొనుక్కున్నవాళ్లు.

రెండో వైపు కూడా చూడాలి. అమెరికా గూఢచార సంస్థ సీఐఏలో పనిచేస్తూ 1985 నుంచి సోవియట్ యూనియన్‌కి రహస్యాలు అమ్మిన ఆల్డ్రిచ్ ఏమ్స్ జీతం ఏడాదికి 70 వేల డాలర్ల లోపే. 5,40,000 డాలర్ల ఇల్లు నగదు ఇచ్చి కొన్నాడు, ఆఫీసుకి జాగ్వార్ కారులో వచ్చేవాడు. అతని ఖర్చుల గురించి 1989లోనే ఒక సహోద్యోగి పైవాళ్లకి చెప్పారు. భార్య తరఫువాళ్లు ఉన్నవాళ్లన్న మాట చెలామణీ అయిపోయింది. అరెస్టయింది 1994 ఫిబ్రవరిలో. అందరూ చూశారు, చెవులు కొరుక్కున్నారు, చెప్పవలసినవాళ్లు చెప్పారు కూడా. పద్ధతిగా, త్వరగా విచారించిన వాళ్లే కరువయ్యారు.

కొనుగోళ్లు, టెండర్లు, నగదు చూసే విభాగాల్లో ఉన్నవాళ్లకి అందుకే నియమాలు గట్టిగా ఉంటాయి. సరఫరాదారు ఇచ్చిన బహుమతిని అదే రోజు రిజిస్టర్లో రాయించండి, పెద్ద వస్తువు కొంటే బిల్లు దాచుకోండి. సహోద్యోగి మీద అనుమానముంటే ఫిర్యాదు చెయ్యడానికి ఉన్న దారిలోనే చెప్పండి, క్యాంటీన్‌లో కాదు.

అపోహ: వ్యక్తిగత వస్తువుల విషయంలో కంపెనీ జోక్యం చేసుకోకూడదు

యంత్రాల దగ్గర, కరెంటు పనిలో, ఆహారం తయారుచేసే చోట ఉంగరాలు, గొలుసులు, గాజులు తీసెయ్యమంటే అది భద్రత. ఎంత ఖరీదైనదైనా, ఎంత సెంటిమెంట్ ఉన్నా మినహాయింపు అడగకండి. ఉంగరం యంత్రానికి చిక్కుకుంటే వేలు పోతుంది.

అపోహ: ఆఫీసులో పోతే ఆఫీసుదే బాధ్యత

చాలా సంస్థల నియమావళిలో ఉద్యోగుల సొంత వస్తువులకి సంస్థ బాధ్యత ఉండదన్న వాక్యం ఉంటుంది. కంపెనీ బీమా సాధారణంగా కంపెనీ ఆస్తికే. ఇంటి బీమాలో కూడా ఖరీదైన వస్తువుని విడిగా నమోదు చేయించకపోతే ఒక్కో వస్తువుకి పరిమితి ఉండొచ్చు. వాచీ తీసి వాష్‌బేసిన్ పక్కన పెట్టే ముందు ఈ సంగతి తెలిసుంటే మంచిది.

డబ్బు నష్టం ఒక ఎత్తు. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. ఖరీదైన వస్తువు కనబడకుండా పోయిన మరుక్షణం అందరి కళ్లూ శుభ్రం చేసే సిబ్బంది మీదికి, సెక్యూరిటీ వాళ్ల మీదికి వెళతాయి. వాళ్లలో చాలామంది కాంట్రాక్టు మీద ఉంటారు. ఒక్క ఫోన్ కాల్‌తో రేపట్నుంచి రావద్దనొచ్చు. ఆ తర్వాత వస్తువు కారు సీటు కిందో, ఇంకో బ్యాగు జేబులోనో దొరుకుతుంది. పోగొట్టుకున్నవాళ్లు "సారీ, దొరికింది" అని మెయిల్ పెడతారు. పని పోయిన మనిషికి ఆ మెయిల్ చేరదు.

కాబట్టి మీ వస్తువు పోతే ముందు ఇల్లు, కారు, బ్యాగులు వెతుక్కోండి. తర్వాత హెచ్‌ఆర్‌కో సెక్యూరిటీ బాధ్యులకో రాతపూర్వకంగా చెప్పండి: చివరిసారి ఎక్కడ, ఎన్ని గంటలకి చూశారో. ఎవరి పేరూ రాయకండి. కెమెరా రికార్డింగులు కొద్ది రోజులకే చెరిగిపోతుంటాయి కాబట్టి వాటిని భద్రపరచమని అదే రోజు అడగండి. తనిఖీ చెయ్యాల్సి వస్తే, ఆ అంతస్తులో ఉన్న అందరి బ్యాగులూ చూడాలి, మేనేజర్ బ్యాగుతో సహా. అందుకు ఒప్పుకోకపోతే ఎవరి బ్యాగూ తెరవకూడదు.