పాత గుమ్మాలతో పనిబల్ల

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

కారు షెడ్డులో ఒక మూల మీకు ఇచ్చారని, సైకిలు మరమ్మతుకూ చెక్క పనికీ అక్కడ ఒక బల్ల కావాలని, దుకాణంలో చెప్పిన ధర విని నాన్న వెనక్కి తగ్గాడని రాశారు. నన్నడిగినా కొనవద్దనే చెబుతాను. మీ వీధి చివర పాత ఇల్లు పడగొడుతున్నారనీ, గుమ్మాలూ తలుపులూ ఊడదీసి గోడవారన పడేశారనీ అదే ఉత్తరంలో ఉంది. పనిబల్లకు కావలసిన సరుకులో ముప్పాతిక వంతు అక్కడే ఉంది. సాధారణంగా ఇల్లు పడగొట్టే గుత్తేదారే కలపను కూడా తీసుకుని అడితికి అమ్ముకుంటాడు కాబట్టి అడగవలసింది అతణ్ణి. మంచి టేకు తలుపులకు గట్టి ధరే చెబుతాడు, అవి మనకు అక్కర్లేదు. ఒక మూల విరిగిన గుమ్మం, అడుగు ఉబ్బిపోయిన స్నానాలగది తలుపు, నాలుగైదు వాసాలు అడగండి. కొనేవాళ్లు లేని సరుకు కనుక దాదాపు వంటచెరకు ధరకే వస్తుంది. అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని వెళ్లండి, కూలుస్తున్న గోడల మధ్యకు మాత్రం అడుగు పెట్టకండి.

పాత చెక్క అంటే కొత్తదాని కన్నా తక్కువరకమని అనుకోవద్దు. పనిబల్ల వరకు పాతదే మేలని నా గట్టి నమ్మకం, దానికి కారణం ఉంది. చెట్టును నరికినప్పుడు కలప నిండా నీరుంటుంది. ఆరేటప్పుడు మొదట కణాల బోలులో నిలిచిన నీరు పోతుంది, అంతవరకు చెక్క కొలతలో చెప్పుకోదగిన మార్పు రాదు. తేమ సుమారు 30 శాతానికి దిగాక కణాల గోడల్లో పట్టుకుని ఉన్న నీరు వెళ్లడం మొదలవుతుంది. అప్పుడే చెక్క కుంచించుకుపోతుంది, మెలి తిరుగుతుంది, పగులుతుంది. ఈ కుంచించుకుపోవడం నారకు అడ్డంగా ఉంటుందే తప్ప పొడవులో దాదాపు ఉండదు. తరం రెండు తరాలు ఎండకూ వానకూ గుమ్మమై నిలిచిన టేకు, మద్ది, వేప ఈ దశలన్నీ ఎప్పుడో దాటేశాయి. వంకర పోవలసిన ముక్క ఈపాటికే వంకర పోయి మీ కంటికి కనబడుతుంది, తిన్నగా ఉన్నది ఇక ముందూ తిన్నగానే ఉంటుంది. సరిగా ఆరని కొత్త కలపతో చేసిన బల్ల ఒక్క వేసవి గడిచేసరికి అతుకులు వదులై ఊగడం వడ్రంగం నేర్పిన రోజుల్లో నేను చాలా చూశాను.

అయితే పాతదంతా మంచిది కాదు, ఏరుకోవాలి. ప్రతి ముక్కనూ ఒక కొస పైకెత్తి, ఒక కన్ను మూసి పొడవునా చూడండి, వంకర ఉంటే తెలిసిపోతుంది. తరువాత స్క్రూడ్రైవరు మొనతో అంగుళం అంగుళం పొడిచి చూడండి. చెదలు తిన్న చెక్క పైకి నిగనిగలాడుతూ లోపల మట్టితో నిండి ఉంటుంది, మొన మెత్తగా దిగిపోతుంది. గుండుసూది తలంత బెజ్జాలుండి, ముక్కను నేలమీద తట్టితే పిండి రాలితే పురుగు ఇంకా లోపలే ఉన్నట్టు. అలాంటిది ఎంత బాగున్నా ఇంటికి తేవద్దు, మిగతా చెక్కకూ పాకుతుంది. గుమ్మం నిలువు చెక్కల అడుగు భాగం నేలలో పాతుకుని ఉండి కడిగిన నీళ్లన్నీ తాగుతుంది కనుక అది కుళ్లి ఉండడం మామూలే. దానికి విచారించనక్కర్లేదు. నిలువు చెక్క దాదాపు 7 అడుగులు, అంటే 84 అంగుళాలు. మనకు 32 అంగుళాల కాళ్లు రెండు తీయడానికి 64 అంగుళాలు చాలు. అడుగున పాడైన అడుగున్నర కోసి పారేసినా సరిపోతుంది. ఆ లెక్కన ఒక్క గుమ్మానికున్న రెండు నిలువు చెక్కలతో బల్లకు నాలుగు కాళ్లూ వస్తాయి, పైన ఉండే అడ్డచెక్క చిన్న పట్టీలకు పనికొస్తుంది.

ఇక రెండు ప్రమాదాలున్నాయి. మొదటిది రంగు. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు, మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగుల్లో, అందులోనూ పాత తలుపుల మీద పొరలు పొరలుగా పేరుకున్న ఎనామెల్ రంగుల్లో, సీసం ఉండే అవకాశం ఎక్కువ. దాని పొడి పీల్చినా, చేతికంటి నోట్లోకి పోయినా పిల్లల మెదడుకు హాని చేస్తుంది. అందుచేత పాత రంగును పొడిగా గరుకు కాగితంతో రుద్దడం, మంటతో కాల్చడం మీ ఇంట్లో జరగకూడదు. కాళ్ల మీది రంగును అలాగే ఉంచి, పైన కొత్త రంగు ఒక పూత వేసి కప్పేయడమే సురక్షితం. బల్ల అందం తగ్గితే తగ్గనివ్వండి. రెండోది సిమెంటు రేకులు. పాత షెడ్ల మీది బూడిదరంగు గరుకు రేకుల్లో ఆస్‌బెస్టాస్ నార ఉంటుంది, విరిచినా కోసినా దాని దుమ్ము ఊపిరితిత్తుల్లో శాశ్వతంగా నిలిచిపోతుంది. బల్లకు వెనక పలకగా బాగుంటుందని ఎవరైనా చెప్పినా ముట్టుకోవద్దు.

చెక్క ఇంటికి చేరాక మేకుల పని పడుతుంది, ఇందులో తొందర పనికిరాదు. మేకు మొన వెనక పక్కకు వచ్చి ఉంటే ముందుగా ఆ మొనను సుత్తితో వెనక్కి కొట్టండి, తల పైకి లేస్తుంది. అప్పుడు చీలిక సుత్తితో పట్టి, సుత్తి కింద ఒక చెక్కముక్క ఎత్తు పెట్టి పీకితే తక్కువ బలంతో, మేకు వంగకుండా వస్తుంది. తల విరిగి లోపలే ఉండిపోయిన మేకులను కంటితో కనిపెట్టలేరు. పాడైన స్పీకరు నుంచి తీసిన అయస్కాంతాన్ని చెక్క మీద నెమ్మదిగా జరుపుతూ పోండి. ఎక్కడ కిందికి లాగినట్టయితే అక్కడ సుద్దతో గుర్తు పెట్టండి, ఆ చోట రంపం గానీ చిత్రిక గానీ నడపవద్దు. తుప్పు మేకు గుచ్చుకుంటే దాచకుండా వెంటనే పెద్దలకు చెప్పాలి. 10 ఏళ్లకూ 16 ఏళ్లకూ వేసే ధనుర్వాతం టీకా మీలో ఎవరికి బాకీ ఉందో ఈ వారమే అమ్మను అడిగి తెలుసుకోండి.

బల్ల ఎత్తు మీ శరీరమే చెబుతుంది. చెప్పులతో తిన్నగా నిలబడి చేతులు వదిలేస్తే మణికట్టు మడత ఎంత ఎత్తులో ఉంటుందో బల్ల పైభాగం అంత ఎత్తులో ఉండాలి. అంతకన్నా ఎక్కువైతే రంపం కోసేటప్పుడు భుజం పైకి లేస్తుంది, తక్కువైతే నడుము వంగిపోతుంది. మీలో పెద్దవాడి కొలత తీసుకోండి, చిన్నదానికి నిలబడడానికి ఒక వెడల్పాటి పీట వేయవచ్చు.

పైన పరచడానికి స్నానాలగది తలుపు కన్నా మంచి వస్తువు నాకు తోచడం లేదు. పలకలు బిగించిన పాత తలుపుల్లో మధ్య పలక పలచగా, లోతుగా ఉంటుంది, మీద ఏదీ సమంగా నిలవదు. ఫ్లష్ డోరు అయితే రెండు పక్కలా చదును. దాన్ని వేలి కణుపుతో అంతటా తట్టి చూడండి. గట్టిగా, ఒకేలా మోగితే లోపల చెక్క నిండుగా ఉన్నట్టు, డొల్లగా మోగితే వదిలేయండి, సుత్తి దెబ్బకు పైపొర పగిలిపోతుంది. స్నానాలగది తలుపు వెడల్పు సాధారణంగా రెండున్నర అడుగులు, బల్లకు కావలసింది కూడా అంతే. నీళ్లు తగిలి ఉబ్బిన అడుగు భాగాన్ని ఒక అడుగు మేర కోసేయండి. కోసిన చోట లోపలి చెక్క బయటపడుతుంది కాబట్టి అక్కడ జిగురు పూసి ఒక సన్నటి పట్టీ బిగించాలి. గడియ, తాళం ఉన్న రంధ్రాల్లో రంపపు పొట్టును జిగురుతో కలిపి ఒత్తితే రాత్రికి రాత్రి గట్టిపడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి, చట్రం. చాలామంది దృష్టంతా పైచెక్క మీదే పెట్టి కాళ్లను నాలుగు మేకులతో సరిపెడతారు. పనిబల్లకు బరువు మోయడం పెద్ద పని కాదు. రంపం ముందుకూ వెనక్కూ లాగుతుంటే ఊగకుండా నిలవడమే దాని పని. ఒక అగ్గిపెట్టె పైపెంకును నిలబెట్టి పక్కనుంచి నొక్కి చూడండి, పొడవులేవీ మారకుండానే ఆకారం ఒరిగిపోతుంది. నాలుగు కర్రల చతురస్రానికి ఆ బలహీనత పుట్టుకతోనే ఉంది. మూడు కర్రల త్రిభుజం అలా ఒరగాలంటే ఏదో ఒక కర్ర పొడవు మారాలి, అది జరగదు కాబట్టి స్థిరంగా ఉంటుంది. అందుకని వెనకవైపు ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఏటవాలు కర్ర బిగించండి, పక్కలకు ప్లైవుడ్ ముక్క దొరికితే అది కొట్టండి.

ముందుగా రెండు కాళ్లను, పైనొకటి కిందొకటి అడ్డకర్రలతో కలిపి ఒక పక్క చట్రం చేయండి; అలాంటివి రెండు. గుమ్మం చెక్కలకు తలుపు ఆనడానికి చెక్కిన అరంగుళం గాడి ఉంటుంది. అది లోపమని ముక్కపెట్టి పూడ్చవద్దు. గాడి బల్ల లోపలి వైపు తిరిగేలా కాళ్లు నిలబెడితే అడ్డకర్ర కొస ఆ అంచుకు ఆనుకుని కూర్చుంటుంది, మీకు అంత ఉలిపని తప్పుతుంది. రెండు చట్రాలను కలిపే పొడవు కర్రలకు వాసాలు వాడండి. కాలిలో కర్ర మందంలో సగం లోతు కోత కోసి అందులో కర్రను కూర్చోబెట్టి, ఆ తరువాతే బోల్టు బిగించాలి. అప్పుడు బరువు బోల్టు మీద కాక చెక్క మీద పడుతుంది. 2 అంగుళాల మందం, 4 అంగుళాల వెడల్పు ఉన్న కర్రను పరుండబెడితే ఎంత వంగుతుందో, అంచు మీద నిలబెడితే అందులో నాలుగో వంతే వంగుతుంది. కాబట్టి ఈ కర్రలన్నీ అంచు మీదే ఉండాలి. ఆధారాల మధ్య దూరం రెట్టింపైతే వంగడం ఎనిమిది రెట్లవుతుంది. అందుచేత పైచెక్క కింద మధ్యలో ఒక అడ్డకర్ర తప్పక వేయండి.

బిగించే ముందు పైచట్రం రెండు మూలకొలతలూ, అంటే ఒక మూల నుంచి ఎదుటి మూలకున్న దూరాలు, టేపుతో చూడండి. రెండూ సమానమైతే మూలలు సరిగా ఉన్నట్టు. తేడా ఉంటే ఎక్కువ దూరం వచ్చిన రెండు మూలలను లోపలికి నొక్కి సరిచేసి అప్పుడు బిగించండి. పాత టేకు, మద్ది చాలా గట్టివి, నేరుగా స్క్రూ తిప్పితే తల తెగిపోతుంది. ముందు సన్నటి బెజ్జం వేసి, స్క్రూ మరలకు కొవ్వొత్తి మైనం రాసి తిప్పండి. బోల్టుకు రెండు వైపులా వెడల్పాటి వాషర్లు ఉండాలి. మీరు డబ్బు పెట్టి కొనవలసినవి ఈ బోల్టులు, వాషర్లు, స్క్రూలు, జిగురు మాత్రమే; వాటిలో పిసినారితనం వద్దు. ఎండలు ముదిరాక ఒకసారి నట్లు బిగించి చూసుకోండి, వేసవిలో చెక్క కొద్దిగా సన్నబడుతుంది.

కింద అర వేయడానికి పేకింగ్ పెట్టెల చెక్క, సరుకు పేర్చి రవాణా చేసే ప్యాలెట్ల చెక్క చాలు. విదేశాల నుంచి వచ్చిన ప్యాలెట్ మీద గోధుమ వెన్ను బొమ్మతో ఒక ముద్ర ఉంటుంది. అందులో హెచ్‌టీ అని ఉంటే చెక్క లోపలి దాకా 56 డిగ్రీల వేడిని 30 నిమిషాలు పట్టించారని అర్థం, దాన్ని వాడుకోవచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది, అది వద్దు. నూనె, రసాయనం కారిన మరకలున్నదీ వద్దు.

కారు షెడ్డు నేలకు నీళ్లు పోవడానికి వాలు ఉంటుంది కనుక బల్ల నిలబెట్టగానే ఒక కాలు తేలుతుంది. కాలు కోయవద్దు. కాళ్ల కింద కడప బండ ముక్కలో, తాండూరు రాయి ముక్కలో పెట్టి, తాపీమేస్త్రీ వాడే నీళ్ల గొట్టంతో మట్టం చూసుకోండి. రాయి ఉంటే నేలతేమ కాలికి ఎక్కదు. గోడకూ బల్లకూ మధ్య నాలుగు వేళ్ల సందు ఉంచండి. చెదలు మట్టి దారి కట్టుకుంటే ఆ సందులో నుంచి మీ కంటబడుతుంది.

పాత ఇనుప కొట్లో వైస్, అంటే పనిచేసే ముక్కను కదలకుండా బిగించి పట్టే ఇనుప పట్టు, దొరికితే మరలు అరగనిది, పోత ఇనుములో పగులు లేనిది చూసి తెచ్చుకుని, బల్ల అంచులో సరిగ్గా కాలి మీదికి వచ్చేలా బిగించండి. సుత్తి దెబ్బ కాలి గుండా నేలకు పోవాలి. రెండు కాళ్ల మధ్య బిగిస్తే బల్ల ఎగురుతుంది. పైచెక్కకు అవిసె నూనె పట్టించాలనుకుంటే ఒక్క జాగ్రత్త ప్రాణంతో సమానం. ఆ నూనె ఆరేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడి పుట్టిస్తుంది. నూనె గుడ్డను ఉండచుట్టి మూల పడేస్తే వేడి లోపలే పెరిగి దానంతటదే అంటుకుంటుంది, పైగా అక్కడ కారు ఉంది. వాడిన గుడ్డను ఆరుబయట విడిగా పరిచి, పూర్తిగా గట్టిపడే దాకా ఆరనిచ్చిన తరువాతే పారేయండి.

ఒక్క ముక్క కూడా కోయకముందే మీరు తెచ్చిన నిలువు చెక్కల పొడవు, మందం, తలుపు వెడల్పు, మీలో పెద్దవాడి మణికట్టు ఎత్తు ఒక కాగితం మీద రాసి నాకు పంపండి. ఏ ముక్క ఎక్కడ కోయాలో గీతలు గీసి తిరుగు టపాలో పంపుతాను. నా పెద్ద రంపానికి పళ్లు నూరించి సిద్ధంగా ఉంచాను, సంక్రాంతికి వచ్చినప్పుడు తీసుకువెళ్లండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య