జపాను చెక్క అచ్చు బొమ్మలు సేకరించబోయే పిల్లలకు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల నాటి జపాను చెక్క అచ్చు బొమ్మల్లో ‘అసలుది’ ఏదో ఎలా గుర్తుపట్టాలని మీరు అడిగారు. అచ్చు బొమ్మకు అసలుది ఒక్కటే ఉండదు. ఆ చెక్కల మీద నుంచి తీసిన ప్రతులన్నీ అసలువే. కాబట్టి ఈ ప్రతి ఎప్పుడు, ఎవరి పర్యవేక్షణలో అచ్చయిందని అడగడం నేర్చుకోండి.

చిత్రకారుడు గీసిన గీతల బొమ్మను చెర్రీ చెక్క మీద అతికించి, గీతలు మాత్రం ఉబ్బెత్తుగా మిగిలేలా చెక్కుతారు. రంగులకు వేరే చెక్కలు ఉంటాయి. మన పెడన అద్దకంలో గుడ్డ కింద ఉండి, అచ్చు పైనుంచి పడుతుంది. అక్కడ చెక్క కింద ఉంటుంది, తడిపిన కాగితాన్ని దాని మీద పరిచి, వెదురు పొర చుట్టిన ‘బరెన్’ అనే గుండ్రని బిళ్లతో వెనకనుంచి రుద్దుతారు. అందుకే బొమ్మను తిప్పి చూస్తే రంగు వెనక్కి ఊరి కనిపిస్తుంది, ఒక్కోసారి బిళ్ల తిరిగిన చుట్లు కూడా తెలుస్తాయి. ఆకాశంలో నీలం పలచబడుతూ పోయే చోట, ప్రతిసారీ చెక్క మీద రంగును చేత్తోనే పలచన చేయాలి గనుక, ఏ రెండు ప్రతుల ఆకాశమూ అచ్చంగా ఒకటి కాదు. యంత్రం మీద అచ్చువేసిన నకలునైతే భూతద్దం కింద పెట్టగానే సన్నని చుక్కలు బయటపడతాయి.

టోక్యో ప్రచురణకర్త వతనాబె షోజబురో 1915 ప్రాంతంలో చిత్రకారులనూ, చెక్కేవారినీ, అచ్చువేసేవారినీ ఒకచోట చేర్చి ఈ కళకు కొత్త ఊపిరి పోశారు. 1923 సెప్టెంబరు 1 నాటి భూకంపం, దాని వెంట వచ్చిన మంటలు ఆయన కార్యాలయాన్నీ, చెక్కలనూ, నిల్వ ఉన్న బొమ్మలనూ బూడిద చేశాయి. అంతకుముందటి ప్రతులకు ధర పలికేది అందుకే. అయితే అరుదైనంత మాత్రాన అందమైనది కానక్కర్లేదని నా అభిప్రాయం. చిత్రకారుడు కవాసె హసుయి 1925లో వేసిన జోజోజి ఆలయం బొమ్మనే చూడండి: ఎర్రని ద్వారం, ఏటవాలుగా పడుతున్న మంచు, గొడుగు వంచి గాలికి ఎదురు నడుస్తున్న స్త్రీ. అది భూకంపం తర్వాతిదే.

ఒకే బొమ్మను ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ అచ్చువేశారు, ప్రచురణకర్త ముద్ర మాత్రం కాలాన్ని బట్టి మారింది. కాలం చెప్పే ఆ ముద్ర చాలాసార్లు అంచులోనే ఉంటుంది కనుక, ఫ్రేములో ఇమడడానికి అంచులు కత్తిరించిన ప్రతిని ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి.

చిత్రకారుడు యోషిద హిరోషి మాత్రం 1925 నుంచి సొంతంగానే అచ్చు వేయించి, తన పర్యవేక్షణలో అచ్చయిన వాటి అంచులో ‘జిజురి’ అనే ముద్ర వేసేవారు. 1926లో ఆయన ఒకే తెరచాప పడవల దృశ్యానికి రంగులు మార్చి ఉదయం, మధ్యాహ్నం, పొగమంచు, సాయంత్రం, రాత్రి చూపించారు. 1930లో మన దేశయాత్రకు బయలుదేరి, తాజ్‌మహల్‌నూ, ఉదయపూర్‌నూ, అప్పటి నిజాం రాజ్యంలోని ఎల్లోరానూ బొమ్మలు చేశారు. మీరు వాటితో మొదలుపెడితే నాకు సంతోషం.

కొన్నవాటిని ఎండ తగిలే గోడకు వేలాడదీయకండి, సెల్లోటేపు అస్సలు అంటించకండి. వానాకాలంలో తేమ చేరితే గోధుమరంగు మచ్చలు పడతాయి. మొదటి బొమ్మకు డబ్బు కట్టేముందు, దాని ముందువైపు, వెనకవైపు ఫొటోలు రెండూ నాకు పంపండి.

ఇట్లు,
మీ తాతయ్య