ఖాళీగా కనిపించిన నేల

బ్రూక్లిన్ మ్యూజియం సేకరణలో ఒక కళాఖండం ఉంది. చూస్తే ఎవరో నిప్పంటించారో, చెదలు తిన్నాయో అనిపిస్తుంది. పైన కొండా జలపాతం ఉన్నాయి. కింది భాగం మాత్రం ఫ్రేముతో సహా చితికి ముక్కలై నేలమీద పడి ఉంది. ప్రమాదమేమీ జరగలేదు. అమెరికా కళాకారిణి వాలెరీ హెగార్టీ 2007లో దాన్ని అలాగే తయారుచేసింది. పేరు 'ఫాలెన్ బీర్‌స్టాట్', అంటే కూలిన బీర్‌స్టాట్.

ఎప్పుడో పోయిన బీర్‌స్టాట్ అనే చిత్రకారుడితో ఆమెకేం పని? అది తెలియాలంటే 19వ శతాబ్దానికి వెళ్లాలి.

యూరప్‌కి కోటలున్నాయి, పాత గుళ్లున్నాయి. కొత్తగా పుట్టిన అమెరికా తనదని చూపించుకోవడానికి అడవుల్నీ కొండల్నీ ఎంచుకుంది. 1818లో ఇంగ్లండ్ నుంచి వలస వచ్చిన థామస్ కోల్ 1836లో గీసిన 'ఆక్స్‌బో'లో ఎడమవైపు తుఫాను, అడవి. కుడివైపు ఎండలో సాగుభూములు. దేశం ఎటు నడుస్తోందో ఒక్క చూపులో తెలిసిపోతుంది. అయితే కోల్‌కి ఆ నడక మీద అనుమానమూ ఉండేది. అదే ఏడాది ముగించిన అయిదు చిత్రాల వరుసలో సామ్రాజ్యాన్ని శిథిలాల దాకా తీసుకెళ్లాడు. తర్వాత వచ్చినవాళ్లలో ఆ అనుమానం అంతగా కనబడదు.

జర్మనీలో పుట్టిన ఆల్బర్ట్ బీర్‌స్టాట్ 1859లో సర్వే బృందంతో పడమటికి వెళ్లొచ్చాడు. 1863లో పదడుగుల వెడల్పున రాకీ పర్వతాలను గీశాడు. మంచు శిఖరం కింద షోషోనీ ఆదివాసుల గుడారాలు, గుర్రాలు. ఆ చిత్రం గురించి అచ్చేసిన కరపత్రం, గుడారాలున్న ఆ మైదానంలోనే రేపు 'మన వారసుల' నగరం లేవవచ్చని ఆశపడింది. అదే 1863 జనవరిలో, ఇప్పటి ఐడహోలోని బేర్ నది ఒడ్డున అమెరికా సైన్యం వందలమంది షోషోనీలను చంపింది. కాన్వాసు మీద మాత్రం అంతా ప్రశాంతం.

హెగార్టీ కళాఖండంలోని జలపాతం కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయది. అక్కడి అహ్వానీచీ ఆదివాసులను 1851లో సాయుధ దళం తరిమేసింది. 1864లో లింకన్ సంతకంతో ఆ లోయ రక్షిత ప్రదేశమైంది. మనుషుల్ని వెళ్లగొట్టిన చోటునే 'మనిషి తాకని ప్రకృతి' అనడం నాకు మింగుడుపడదు.

ఇటీవలి కళాకారుల్లో ఉన్నది కోపం ఒక్కటే కాదు. సేలిష్, కూటెనై తెగలకు చెందిన జాన్ క్విక్-టు-సీ స్మిత్ 2000లో వేసిన అమెరికా పటంలో, ఆదివాసీ మాటల నుంచి వచ్చిన రాష్ట్రాల పేర్లనే ఉంచింది. మిగతా పేర్లు రంగు కింద పోయాయి. ఆ రంగు సరిహద్దులు దాటి కిందికి కారుతుంది.

ఫొటోగ్రాఫర్ దావూద్ బే దారి వేరు. బానిసత్వం నుంచి పారిపోయినవాళ్లు నడిచిన ఒహాయో దారులను 2017లో ఫొటోలు తీసి, దాదాపు నల్లగా అచ్చేశాడు. కంటికి అలవాటయ్యేదాకా కంచె, ఇల్లు, చెట్టు ఏదీ తెలియదు. ఈ ఫొటోల్లోనూ మనుషుల్లేరు. పారిపోతున్న మనిషి నిలబడిన చోట మనం నిలబడి చూస్తాం. ఆ వరుస చివర ఈరీ సరస్సు, ఆకాశం ఉంటాయి. అవతలి ఒడ్డు బానిసత్వం లేని కెనడా.