పోస్ట్‌కార్డుకు ముందు ఉత్తరం నెత్తిన ఊరి బొమ్మ

సెలవులకు వెళ్లిన ఊరి బొమ్మను ఇంటికి పంపే సరదా పిక్చర్ పోస్ట్‌కార్డు కంటే యాభై ఏళ్లు పాతది. బ్రిటన్‌లో ప్రైవేటుగా అచ్చేసిన కార్డుకు స్టాంపు అంటించి పంపే వీలు వచ్చింది 1894 సెప్టెంబరులో. బ్రైటన్ లాంటి సముద్రతీర ఊళ్లలో మాత్రం, పైభాగాన ఆ ఊరి దృశ్యం అచ్చయిన ఉత్తరాల కాగితం 1840ల నుంచే అమ్ముడుపోయేది.

అంతకు ముందు అలాంటి కాగితం ఎవరు కొంటారు? దూరాన్ని బట్టి, కాగితాల లెక్కన తపాలా చార్జీ పడేది. 50 మైళ్లు దాటి 80 లోపైతే ఒక్క కాగితానికే 8 పెన్నీలు. అదీ ఎక్కువగా ఉత్తరం అందుకున్నవాళ్ల నెత్తినే! అందుకే ఒకసారి రాసిన కాగితాన్ని తిప్పి, ఆ వరుసల మీదే అడ్డంగా మళ్లీ రాసేవారు. 1840 జనవరి 10 నుంచి అర ఔన్సు లోపు ఉత్తరం దేశంలో ఎక్కడికైనా ఒక్క పెన్నీకే వెళ్లింది. కాగితాల లెక్క పోయింది కాబట్టి బొమ్మకు చోటు దొరికింది. మరుసటి ఏడాదే లండన్ నుంచి బ్రైటన్‌కు రైలు పడింది.

ఈ బొమ్మలను లోహపు రేకు మీద చెక్కి అచ్చేసేవారు. ఆ చెక్కడపు పనిలో వచ్చిన మార్పు కూడా కలిసొచ్చింది. రాగి రేకు మెత్తన, కొన్ని వందల ప్రతులకే గీతలు అరిగిపోతాయి. ఉక్కు రేకు వేల ప్రతులకు ఆగుతుంది. లండన్‌లో హార్వుడ్, న్యూమన్, రాక్ సంస్థలు ఈ బొమ్మల కాగితం వ్యాపారంలో పేరు తెచ్చుకున్నాయి. రాక్ సంస్థను నడిపిన విలియం ఫ్రెడరిక్ రాక్ నైరుతి ఇంగ్లండ్‌లో డెవన్ ప్రాంతంలోని బార్న్‌స్టపుల్ ఊరివాడు. అతనిచ్చిన పార్కు ఆ ఊళ్లో ఇప్పటికీ ఉంది. రాక్ బొమ్మల కింద వరుస నంబరు, చాలావాటికి తేదీ కూడా ఉంటాయి. ఏ కట్టడం ఎప్పటిదో తేల్చడానికి స్థానిక చరిత్రకారులకు ఇవి బాగా పనికొస్తాయి. కాకపోతే అమ్మకానికి వేసిన బొమ్మలు కదా, వాటిలో వీధులు ఎప్పుడూ శుభ్రంగానే ఉంటాయి! ఆ బొమ్మలనే చిన్న పుస్తకాలుగా కుట్టి జ్ఞాపికలుగానూ అమ్మేవారు.

1870లో వచ్చిన అర పెన్నీ కార్డు బొమ్మలేని సర్కారు కార్డు. 1894 తర్వాత బొమ్మ వచ్చినా, ఒకవైపు చిరునామా తప్ప ఏమీ రాయకూడదు. కబురంతా రెండోవైపు బొమ్మ పక్కనే ఇరికించాలి, పైగా పోస్ట్‌మాన్‌కూ కనబడుతుంది. ఉత్తరంలోనైతే బొమ్మ పోగా పేజీలకు పేజీలు మిగిలేవి, మడిస్తే గుట్టూ దక్కేది. నా దృష్టిలో కార్డు గెలిచింది అందంతో కాదు, సగం ధరతో. 1902లో చిరునామా వైపే కబురు కూడా రాయనిచ్చాక, రెండోవైపంతా బొమ్మదే అయింది.