అకాడమీకి వెళ్లేముందు పరుగు: అపోహలు, వాస్తవాలు

చెన్నైలో సైన్యానికి ఆఫీసర్లను తయారుచేసే ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ (ఓటీఏ)లో కోర్సులు ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబర్‌లో ఒకటి మొదలవుతాయి. వాటికి నెలా నెలన్నర ముందు ఆదంబాక్కంలోని మా ఫిజియోథెరపీ క్లినిక్‌కి అందరూ ఒకటే నొప్పితో వస్తారు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల పిల్లలు, మోకాలి కింద షిన్ ఎముక నొప్పి, ఫోన్‌లో జాయినింగ్ లెటర్. అకాడమీ ఉన్న పరంగిమల మాకు కూతవేటు దూరం, పైగా నేను తెలుగు మాట్లాడతాను, అందుకని నెల్లూరు, తిరుపతి వైపు నుంచి తల్లిదండ్రులు కూడా ఫోన్ చేస్తుంటారు. పద్నాలుగేళ్లుగా చెప్పిందే చెబుతున్నాను, ఇవాళ రాసి పెడుతున్నాను.

అపోహ: చేరేముందు నెల రోజులు ఒళ్లు హూనం చేసుకుంటే లోపల అంతా సులువైపోతుంది.

దయచేసి ఈ మాట నమ్మొద్దు. మిగతా అపోహలన్నీ కలిపి చేసే నష్టం కంటే ఇదొక్కటే చేసే నష్టం ఎక్కువ. కొత్తగా పరుగు మొదలుపెడితే రెండు మూడు వారాల్లోనే ఆయాసం తగ్గుతుంది, కండ పట్టు దొరుకుతుంది, దాంతో మనం రెడీ అయిపోయాం అనిపిస్తుంది. ఎముక మాత్రం అంత తొందరగా రెడీ కాదు. పాత గోడకు మరమ్మతు చేసేవాళ్లు ముందు పాత పెచ్చులు కొట్టేసి, తర్వాత కొత్త సిమెంటు పూస్తారు చూడండి, ఎముక కూడా బరువు పడగానే ముందు పాత భాగాన్ని తవ్వేసుకుంటుంది, కొత్తది నింపుకోవడానికి ఇంకొన్ని వారాలు పడుతుంది. అంటే మూడో, నాలుగో వారంలో మీకు ఊపు బాగా ఉన్నప్పుడే ఎముక బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే దూరం రెట్టింపు చేస్తారు. స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదే పదే బరువు పడి ఎముకలో వచ్చే సన్నటి పగులు, అలాగే వస్తుంది.

కొన్నేళ్ల క్రితం ఒకబ్బాయి వాళ్ల నాన్నతో వచ్చాడు. చేరడానికి మూడు వారాలుంది. ఎవరో ట్రైనర్ చెప్పాడని బ్యాగులో ఇటుకలు పెట్టుకుని, బయట కొన్న బూట్లు వేసుకుని, వేళచ్చేరి తారురోడ్డు మీద రోజూ పది కిలోమీటర్లు పరిగెత్తాడట. షిన్ మీద బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చాను. ఒకచోట, రూపాయి బిళ్ళంత మేర, నొక్కగానే కాలు లాగేసుకున్నాడు. ఒంటికాలి మీద గెంతమంటే గెంతలేకపోయాడు. వాళ్ల నాన్న ఎక్స్‌రే కవరు నా టేబుల్ మీద పెట్టి, "ఇందులో ఏమీ లేదన్నారమ్మా" అన్నారు. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో ఏమీ కనపడకపోవడం మామూలే, ఎంఆర్ఐ తీయించండి అన్నాను. అసలు ఈ జబ్బు గురించి 1855లోనే ప్రష్యా సైన్యంలోని బ్రైట్‌హాప్ట్ అనే డాక్టర్ రాశాడు, కవాతు చేసే సైనికుల పాదాలు వాచి నొప్పి పుట్టడం చూసి. ఎక్స్‌రే కనిపెట్టింది 1895లో. నలభై ఏళ్లపాటు చేత్తో నొక్కి, అడిగి తెలుసుకున్న నొప్పి ఇది. ఎక్స్‌రే బాగుందన్న ఒక్క మాటతో కొట్టిపారేయకండి.

వాళ్లు ఎంఆర్ఐ తీయించలేదు. అబ్బాయి నొప్పి మాత్రలు వేసుకుని చేరాడు, చెబితే వెనక్కి పంపేస్తారని లోపల కూడా దాచాడు. ఐదో వారంలో అడుగు వేయలేకపోతే హాస్పిటల్లో చేర్చారు. ట్రైనింగ్ చాలా మిస్ అవడంతో రెలిగేట్ అయ్యాడు. తనతోపాటు చేరినవాళ్లు ముందుకెళ్లిపోతుంటే కింది కోర్సుతో కలవాల్సి వచ్చింది. వాళ్ల నాన్న ఫోన్ చేసి, "అప్పుడే మీ మాట వినాల్సింది తల్లీ" అన్నప్పుడు నాకు చాలాసేపు ఏ పనీ తోచలేదు. మరుసటి కోర్సులో పాసయ్యాడు, అది వేరే సంగతి. మొదట్లోనే ఆగి ఉంటే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో తగ్గే నొప్పి అది.

ఆడపిల్లలకు ఒక మాట. ఓటీఏలో 1992 నుంచీ, ఎన్డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ)లో 2022 నుంచీ అమ్మాయిలు ట్రైనింగ్ తీసుకుంటున్నారు, మీరు చేయగలరా లేదా అన్న ప్రశ్న ఎప్పుడో తీరిపోయింది. కానీ బరువు తగ్గాలని అన్నం మానేసి పరిగెత్తుతుంటే నెలసరి ఆగిపోతుంది, దాన్ని "ప్రాక్టీస్ ఎక్కువైంది కదా, మామూలే" అని వదిలేస్తారు. మామూలు కాదు. తిండి చాలడం లేదని, ఎముక పలచబడుతోందని ఒళ్లు చెబుతున్న మాట అది. వెంటనే డాక్టర్‌ని కలవండి, విటమిన్ డి కూడా చూపించుకోండి.

అపోహ: మద్రాసు ఎండకు అలవాటు పడాలంటే మిట్టమధ్యాహ్నం స్వెట్టర్ వేసుకుని పరిగెత్తాలి.

ప్రాణం మీదకు వస్తుంది. ఒళ్లు ఎండకు అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు చాలు. పొద్దున ఏడు తర్వాత తేలిగ్గా మొదలుపెట్టి రోజుకు కొంచెం పెంచండి. ఏసీ గదిలో పడుకోవడం తగ్గించండి, నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ తాగండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఈత రాకపోతే పంపేస్తారా అంటే, పంపరు, నేర్పిస్తారు. ఇంగ్లిష్ గడగడా రావాలా? అర్థమై, భయపడకుండా జవాబు చెప్పగలిగితే చాలు. చదునైన పాదాలుంటే మెడికల్ పోతుందా? మునివేళ్ల మీద నిలబడినప్పుడు పాదం వంపు కనిపించి, నొప్పి లేకుండా పరిగెత్తగలిగితే పోదు. ప్రోటీన్ పౌడర్ కావాలా? గుడ్లు, పప్పు, పెరుగు తినండి.

ఎనిమిది వారాలు చేతిలో ఉంటే వారానికి నాలుగు రోజులే పరుగు, అదీ మట్టి నేల మీద. బెసంట్ నగర్ బీచ్‌లో మెత్తటి ఇసుక మీద పరిగెత్తొద్దు, పిక్కలు, మడమలు పట్టేస్తాయి. దూరం వారం వారం కొంచెంగా పెంచండి, నాలుగో వారం తగ్గించండి. మిగిలిన రోజుల్లో పుషప్స్, చినప్స్, మునివేళ్ల మీద లేవడం చేయండి. తాడు ఎక్కడం ఎవరూ ప్రాక్టీస్ చేయరు. లోపల బీపీఈటీ అనే ఫిట్‌నెస్ పరీక్షలో అదీ ఉంటుంది, 5 కిలోమీటర్ల పరుగుతో పాటు. ఎక్కడైనా చెట్టుకు తాడు కట్టించుకోండి. చివరి వారం నడక చాలు.

నెల రోజులే ఉన్నాయని టెన్షన్ పడుతున్నారా? ఇప్పుడున్న ఫిట్‌నెస్‌తోనే, నొప్పి లేని కాళ్లతో వెళ్లండి, అక్కడ 49 వారాల ట్రైనింగ్ ఉంది. ఇవాళ రాత్రి మంచం మీద కూర్చుని షిన్ ఎముక మొత్తం బొటనవేలితో నొక్కి చూసుకోండి. పొడుగునా సలపరంగా ఉంటే పరుగు తగ్గించి ఐస్ పెట్టండి. ఒకేచోట చురుక్కుమంటే మాత్రం రేపు పరిగెత్తొద్దు, ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లండి.