కాలిఫోర్నియా రూలు దేశానికి రూలైన రోజు

2025 జూన్ 12న ట్రంప్ మూడు తీర్మానాల మీద సంతకం పెట్టారు. వాహనాల పొగ మీద సొంత నిబంధనలు పెట్టుకోవడానికి కాలిఫోర్నియాకు ఈపీఏ (కేంద్ర పర్యావరణ సంస్థ) ఇచ్చిన మూడు మినహాయింపులు దాంతో పోయాయి, 2035కల్లా కొత్త పెట్రోల్ కార్ల అమ్మకం ఆపేయాలన్న నిబంధనా పోయింది. అంతకు రెండు నెలల ముందు, ఏప్రిల్ 8న, రాష్ట్రాల వాతావరణ చట్టాలను అడ్డుకోమని అటార్నీ జనరల్‌కు ఉత్తర్వు ఇచ్చారు, అందులో కాలిఫోర్నియా కర్బన మార్కెట్ (కర్బనం వదిలే అనుమతులను కంపెనీలు కొని అమ్ముకునే ఏర్పాటు) ప్రస్తావన కూడా ఉంది. ఒక రాష్ట్రం తన విధానాన్ని మిగతా దేశం మీద రుద్దకూడదన్నదే ట్రంప్ వర్గం వాదన.

నిజంగా రుద్దారా? ఇది తెలియాలంటే 2009 మే 19న ఏం జరిగిందో చూడాలి.

1990 నాటి స్థాయికి ఉద్గారాలను 2020కల్లా తగ్గించాలన్న కాలిఫోర్నియా 2006 చట్టం గురించి అందరూ రాశారు, దాని జోలికి వెళ్లను. అసలు కథ దానికంటే నాలుగేళ్ల ముందు, 2002లో కాలిఫోర్నియా శాసనసభ్యురాలు ఫ్రాన్ పావ్లీ తెచ్చిన, కార్లు వదిలే గ్రీన్‌హౌస్ వాయువులను తగ్గించాలన్న చట్టంతో మొదలైంది. లాస్ ఏంజెలెస్‌ను కమ్మిన కాలుష్యపు పొగ చూసి 1967లోనే కాంగ్రెస్ కాలిఫోర్నియాకు ఒక వెసులుబాటు ఇచ్చింది, కేంద్రం ఒప్పుకుంటే దానికంటే కఠినమైన రూల్స్ పెట్టుకోవచ్చని. 1977లో మిగతా రాష్ట్రాలకూ దారి తెరిచారు, కానీ ఒక షరతుతో: కాలిఫోర్నియా రూల్స్‌ను ఉన్నదున్నట్టు తీసుకోవాలి, మార్చకూడదు. అంటే దేశంలో ఉండగలిగేవి రెండే రూల్‌బుక్‌లు. "యాభై రాష్ట్రాలు, యాభై రూల్స్" అని భయపెట్టేవాళ్లు ఈ సంగతి ఎప్పుడూ చెప్పరు.

పదికి పైగా రాష్ట్రాలు పావ్లీ రూల్స్ తీసుకున్నాయి. కార్ల కంపెనీలు కోర్టుకు వెళ్లి 2007 సెప్టెంబర్‌లో వెర్మాంట్‌లో ఓడిపోయాయి. గ్రీన్‌హౌస్ వాయువులు కూడా కాలుష్యమేనని సుప్రీంకోర్టు అదే ఏడాది ఏప్రిల్‌లో 5-4తో చెప్పింది. ఇక అడ్డేముంది అనుకుంటుండగా, డిసెంబర్ 19న ఈపీఏ అధిపతి స్టీఫెన్ జాన్సన్ మినహాయింపు ఇవ్వనన్నారు. ఇచ్చేయమన్న సొంత సిబ్బంది సలహాను పక్కనపెట్టి మరీ.

2009లో ఒబామా వచ్చేసరికి జీఎం, క్రైస్లర్ ప్రభుత్వ సాయం మీద బతుకుతున్నాయి. కంపెనీలకు కావలసింది ఒక్కటే, దేశమంతటికీ ఒకే రూలు. మే 19న వైట్‌హౌస్‌లో కుదిరిన ఒప్పందం అదే ఇచ్చింది: 2016కల్లా గ్యాలన్‌కు సగటున 35.5 మైళ్లు, అంటే లీటరుకు దాదాపు 15 కిలోమీటర్లు. కంపెనీలు కేసులు వదులుకున్నాయి, కాలిఫోర్నియా కేంద్రం రూలునే తన రూలుగా ఒప్పుకుంది. ఇందులో రుద్దడం ఎక్కడుంది? రెండు రూల్స్ మధ్య నలగడం ఇష్టంలేక పరిశ్రమే ఒక్కటి అడిగి తీసుకుంది.

ఐదు వారాలు దాటాక, కర్బన మార్కెట్‌నూ దేశమంతటికీ తేవాలని ఇద్దరు సభ్యుల పేర్లతో పిలిచే వాక్స్‌మన్-మార్కీ బిల్లు ప్రతినిధుల సభలో 219-212తో గట్టెక్కింది. ఉద్గారాలను 2005 కంటే 2020కల్లా 17 శాతం తగ్గించాలని లక్ష్యం. ఈ బిల్లులో జనం గమనించని భాగం ఒకటుంది: 2012 నుంచి 2017 వరకు రాష్ట్రాలు తమ సొంత మార్కెట్లను ఆపుకోవాలి. పరిశ్రమ కోరిన ఒకే రూలు ఇక్కడా సిద్ధంగా ఉంది. కానీ పవర్ ప్లాంట్లకు, ఫ్యాక్టరీలకు కార్లకున్నలాంటి రెండో రూల్‌బుక్ భయం లేదు, తొందరపడాల్సిన పని వాళ్లకు కనపడలేదు. సెనేట్‌లో చర్చ ముగించి ఓటింగ్‌కు తేవడానికి కావలసిన 60 ఓట్లు దొరక్క 2010 జూలైలో బిల్లు ఆగిపోయింది. ఆ నవంబర్‌లో 2006 చట్టాన్నే పక్కన పెట్టించాలని చూసిన ప్రతిపాదనను కాలిఫోర్నియా ఓటర్లు ఓడించారు, రాష్ట్ర మార్కెట్ 2013లో మొదలైంది. 2020 లక్ష్యాన్ని నాలుగేళ్లు ముందే, 2016లో చేరుకున్నారు.

ఖర్చు పెరుగుతుందని, కొనేవాళ్లకు ఎంపిక తగ్గుతుందని అవతలివాళ్లు అంటారు. ఆ చర్చ జరగాల్సిందే. కానీ 2009లో "ఒకే రూలు" అంటే కాలిఫోర్నియా స్థాయికి దేశం ఎక్కడం. ఇప్పుడదే మాటతో కాలిఫోర్నియాను కిందికి దించుతున్నారు, కార్లను ఒకే రూలు కిందికి తెచ్చిన ఆ దారినే మూస్తున్నారు.

జూన్ 12నే కాలిఫోర్నియా మరో 10 రాష్ట్రాలతో కలిసి కోర్టుకెక్కింది. వాటిలో మసాచుసెట్స్, న్యూయార్క్, ఒరెగాన్, వెర్మాంట్ అప్పట్లో పావ్లీ రూల్స్ తీసుకున్న రాష్ట్రాలే.