గల్ఫ్‌లో యుద్ధాలు, మతం: మన ఇళ్ళలో తిరిగే అపోహలు, అసలు వాస్తవాలు

గల్ఫ్‌లో ఉద్రిక్తత అనగానే రాజోలు, పాలకొల్లు, నరసాపురం వైపు ఇళ్ళలో ఎవరికీ నిద్ర ఉండదు. అంతర్జాతీయ రాజకీయాలు పాఠం చెప్పేవాళ్ళు కనబడితే ఒకటే ప్రశ్న: "క్రైస్తవ దేశం ముస్లిం దేశం మీద పడుతోందంటకదండీ, మా అమ్మాయి కువైట్‌లో ఉంది, ఏమవుద్ది?" ఆ తల్లి భయం న్యాయమైనదే. కానీ ఆ ప్రశ్నలో వాట్సాప్ నుంచి వచ్చిన మొదటి మాటే తప్పు. దాన్ని నమ్మడం వల్ల నిజమైన ప్రమాదం ఎటునుంచి వస్తుందో కనబడకుండా పోతోంది.

అపోహ: పెద్ద దేశాలు మతాన్ని బట్టి యుద్ధానికి దిగుతాయి.

వాస్తవం: దిగాలా వద్దా అన్నది తేల్చేవి వేరు. అక్కడ తమకేం అవసరం, పక్కన స్థావరం ఇచ్చే మిత్రుడెవరు, ఎంతమంది సైనికులు పోతారు, సొంత ఓటర్లు ఏమంటారు, ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో వీటో పడుతుందా. మతనీతి ఎక్కువగా ఆ నిర్ణయాన్ని జనానికి చెప్పే ప్రసంగంలో వినిపిస్తుంది.

1990 ఆగస్టు 2న కువైట్‌ను ఆక్రమించింది తోటి ముస్లిం దేశమైన ఇరాకే. దాన్ని విడిపించడానికి అమెరికా పక్కన సౌదీ, ఈజిప్టు, సిరియా సేనలు నిలబడ్డాయి. 1999లో అమెరికా, ఐరోపా దేశాల సైనిక కూటమి నాటో 78 రోజులు బాంబులు వేసింది క్రైస్తవులు ఎక్కువగా ఉన్న సెర్బియా మీద, కొసావోలోని ముస్లిం అల్బేనియన్ల కోసం. 1994లో రువాండాలో చంపినవాళ్ళూ చచ్చినవాళ్ళూ ఎక్కువమంది క్రైస్తవులే. దాదాపు 8 లక్షల ప్రాణాలు పోతుంటే, భద్రతామండలి అక్కడున్న సుమారు 2,500 మంది శాంతిసైనికులను 270కి తగ్గించమంది. అంతకు ముందు ఏడాది సోమాలియాలో 18 మంది సైనికులను పోగొట్టుకున్న అమెరికా మళ్ళీ ఆఫ్రికాలో కాలుపెట్టడానికి ఇష్టపడలేదు. 2003లో ఇరాక్ యుద్ధం వద్దని పోప్ రెండో జాన్‌పాల్ తన దూతగా ఒక కార్డినల్‌ను (చర్చి పెద్దను) అమెరికా అధ్యక్షుడు బుష్ దగ్గరకు పంపారు. యుద్ధం ఆగలేదు. అంతదాకా ఎందుకు, పిఠాపురం దగ్గర చందుర్తిలో 1758లో ఇంగ్లీషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ కొట్టుకున్నది సర్కారు జిల్లాల మీద పెత్తనం కోసం. ఇద్దరూ క్రైస్తవులే.

అందుకే మతాన్ని వదిలి అమెరికా సైనిక స్థావరాలు ఎక్కడున్నాయో చూడండి. ఖతార్‌లో అల్ ఉదైద్, కువైట్‌లో క్యాంప్ అరిఫ్‌జాన్, బహ్రెయిన్‌లో అమెరికా ఐదో నౌకాదళం. 2025 జూన్ 23న ఇరాన్ క్షిపణులు వేసింది అల్ ఉదైద్ మీదే. గగనతలం మూసిన కాసేపటికే అవి వచ్చాయి. అన్నిసార్లూ ఇంత హఠాత్తుగా జరగదు. 1990 నవంబరు 29న భద్రతామండలి 678వ తీర్మానంతో జనవరి 15 గడువు పెట్టింది. బాంబులు మొదలైంది జనవరి 17న, అంటే 49 రోజుల తర్వాత. నాయకుల ప్రసంగాలు ఎంత వేడిగా ఉన్నా కంగారు పడకండి. రాయబార కార్యాలయాల సిబ్బంది కుటుంబాలను వెనక్కి పంపుతున్నారంటే మాత్రం కదలండి.

అపోహ: అయితే నీతి అంతా బూటకం.

వాస్తవం: అదీ కాదు. యుద్ధం ఆఖరి మార్గం కావాలన్న నియమం పడమటి ధర్మయుద్ధ సిద్ధాంతంలోనూ ఉంది, అయిదూళ్ళు చాలన్న కృష్ణ రాయబారంలోనూ ఉంది. అలాంటి నియమాలే ప్రభుత్వాల చేత సంజాయిషీ చెప్పిస్తాయి. 2013లో సిరియా మీద దాడికి బ్రిటిష్ పార్లమెంటు 285-272తో ఒప్పుకోలేదు.

అపోహ: మతస్వేచ్ఛను కాలరాసే దేశాలంటూ అమెరికా వేసే జాబితాలో పేరు పడితే ఆంక్షలు తప్పవు.

వాస్తవం: అమెరికా మతస్వేచ్ఛ కమిషన్ సిఫారసు మాత్రమే చేస్తుంది, తేల్చేది అక్కడి విదేశాంగ శాఖ. సౌదీని 2004లోనే జాబితాలో చేర్చారు. ఆంక్షలు మాత్రం జాతీయ ప్రయోజనం పేరుతో మినహాయించారు.

అపోహ: ఇది అర్మగెద్దోను (బైబిల్ చెప్పిన అంత్యకాల యుద్ధం), జాగ్రత్తలతో పనిలేదు.

వాస్తవం: ప్రార్థన చేసుకోండి, కాగితాలూ సిద్ధం చేసుకోండి. 1990లో కువైట్ నుంచి లక్షన్నరకు పైగా భారతీయులను ఎయిరిండియా తీసుకొచ్చింది, ఎక్కువమందిని జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి. అక్కడిదాకా చాలామంది తమ దారి తామే చూసుకోవలసి వచ్చింది. ఇంటిపనికి వెళ్ళినవాళ్ళ పాస్‌పోర్టు చాలాసార్లు కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గరే ఉంటుంది. కాబట్టి పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు, వీసా, బతాకా (అక్కడి గుర్తింపు కార్డు) రెండువైపులా ఫొటో తీయించి ఇక్కడి ఫోన్‌లో పెట్టుకోండి. ఎంబసీలో అవుట్‌పాస్ (పాస్‌పోర్టు లేనప్పుడు ఇంటికి రావడానికి ఇచ్చే కాగితం) అడిగేటప్పుడు ఆ ఫొటోలే ఆధారం. కఫీల్ పేరు, ఫోన్ నంబరుతో పాటు ఏరియా, బ్లాకు, వీధి, ఇంటి నంబరు కాగితం మీద రాసి ఉంచండి. కువైట్‌లో "సాల్మియా ప్రాంతంలో ఎక్కడో" అంటే మనిషిని వెతకడం ఎవరివల్లా కాదు.